ఎప్పుడు సరిచేయాలి, ఎప్పుడు వదిలేయాలి

తయారీలో నాణ్యత అనగానే చాలామంది దృష్టి చివరి తనిఖీ మీదికే వెళ్తుంది. తయారైన వస్తువును కొలిచి, పనికిరానిదాన్ని పక్కన పెట్టడం అవసరమే. కాని ఆ పాటికే ముడిసరుకు, విద్యుత్తు, మనిషి శ్రమ ఖర్చయిపోయి ఉంటాయి. పని నడుస్తుండగానే "ఇప్పుడు చేయి పెట్టాలా, వద్దా" అన్న ప్రశ్నకు జవాబిచ్చే ఆవిష్కరణలే అన్నిటికంటే విలువైనవని నా అభిప్రాయం.

జపాన్‌లో సకిచి టొయోడా 1896లో తయారుచేసిన మరమగ్గం ఇందుకు చక్కని ఉదాహరణ. పేక నూలు తెగిందంటే ఆ మగ్గం తనంతట తానే ఆగిపోయేది. తప్పు జరిగిన క్షణంలోనే యంత్రం ఆగడం వల్ల చెడిన గుడ్డ గజాల కొద్దీ పేరుకుపోదు, నేతగాడు ఒక్క మగ్గాన్నే రెప్పవాల్చకుండా కనిపెట్టుకుని ఉండనక్కరలేదు.

అయితే తెగిన నూలు కంటికి కనిపిస్తుంది. కొలతల్లో వచ్చే తేడా అలా కనిపించదు. 20 మిల్లీమీటర్ల వ్యాసంతో ఇరుసులు చేసే లేతు యంత్రం ఎంత మంచిదైనా ఒక ఇరుసు కాస్త ఎక్కువగా, మరొకటి కాస్త తక్కువగా వస్తూనే ఉంటాయి. ఈ హెచ్చుతగ్గుల్లో ఏది యంత్రానికి సహజం, ఏది పనిముట్టు అరిగిందనడానికి సూచన? అమెరికాలో టెలిఫోన్ పరికరాల తయారీ రంగంలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న ఒకే పేజీ నోట్‌లో దీనికి దారి చూపించాడు. కొలతలను కాలక్రమంలో గుర్తిస్తూ పోవాలి. సగటుకు పైన, కింద మూడేసి ప్రామాణిక విచలనాల (కొలతలు సగటు చుట్టూ మామూలుగా ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) దూరంలో రెండు హద్దులు గీయాలి. బిందువు హద్దు దాటితే కారణం వెతకాలి, లోపలే ఉంటే యంత్రం జోలికి పోకూడదు. కంట్రోల్ చార్ట్ అని మనం పిలుచుకునేది ఇదే.

ఇందులో రెండో సగమే, అంటే జోలికి పోకూడదన్న మాటే గొప్పదని నేను నమ్ముతాను. శ్రద్ధ గల ఆపరేటర్ ప్రతి ఇరుసునూ కొలిచి, తేడా ఎంత వస్తే అంత మేరకు ప్రతిసారీ సెట్టింగ్ మారుస్తున్నాడనుకుందాం. ఆ తేడాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఈ దిద్దుబాట్ల వల్ల ప్రామాణిక విచలనం తగ్గకపోగా దాదాపు 1.4 రెట్లు అవుతుంది. మంచి ఉద్దేశంతో చేసిన పనే సరుకును పాడుచేస్తుందన్న ఈ సంగతిని ప్రతి కర్మాగారంలోనూ శిక్షణ మొదటి రోజునే చెప్పాలి.

నిరంతరం సాగే ప్రక్రియల సంగతి వేరు. అక్కడ ఉష్ణోగ్రత, పీడనం, ప్రవాహం బయటి కారణాల వల్ల నిజంగానే పక్కకు జరుగుతుంటాయి కాబట్టి దిద్దుబాటు ఆగకుండా సాగాలి. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నర్ అనే వేగ నియంత్రణ పరికరం, వేగం పెరిగితే ఆవిరిని తగ్గించేది, కాని భారం పెరిగినప్పుడు వేగాన్ని పూర్తిగా పాత స్థాయికి తేలేకపోయేది. ఓడ చుక్కాని పట్టేవారి తీరును పరిశీలించిన నికొలస్ మినార్‌స్కీ 1922లో ప్రచురించిన విశ్లేషణ ఈ లోటు తీరే మార్గం చూపింది: ప్రస్తుత తేడాతో పాటు ఇంతవరకు పేరుకున్న తేడానూ, అది మారుతున్న వేగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పీఐడీ కంట్రోలర్లు అనే నేటి స్వయంచాలక నియంత్రణ పరికరాలు చేసేది అదే.

కంట్రోల్ చార్ట్, ఆగని దిద్దుబాటు అనే ఈ రెండు పద్ధతులను విడివిడిగా నేర్పడం వల్ల ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతోంది. ఆవిరి వేడిని ద్రవానికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో పొలుసు కడుతున్నప్పుడు కంట్రోలర్ ఆవిరి వాల్వును కొద్దికొద్దిగా ఎక్కువ తెరుస్తూ, బయటికి వచ్చే ద్రవం ఉష్ణోగ్రతను అలాగే నిలబెడుతుంది. ఉష్ణోగ్రత చార్టును ఎంతసేపు చూసినా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఒకనాడు వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక, ఇక తెరవడానికేమీ మిగలక, ఉష్ణోగ్రత జారిపోవడం మొదలవుతుంది. కంట్రోలర్ ఎంత సమర్థంగా పనిచేస్తే లోపం అంత బాగా దాగుతుందన్నమాట. అందుకే కొలిచిన విలువతో పాటు వాల్వు తెరుచుకున్న శాతానికి కూడా కంట్రోల్ చార్ట్ గీయాలి. ఒకే రకం ఉత్పత్తి, ఒకే ప్రవాహం ఉన్న రోజులను పోల్చి చూస్తే, గొట్టాలు శుభ్రం చేయాల్సిన సమయం ఉత్పత్తి చెడకముందే ఆ రెండో చార్టులో తెలుస్తుంది.