అతుకులో ఉంది అసలు చదువు

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇటుక, సిమెంటు, క్యూరింగ్ తప్ప మరో నిర్మాణం ఎరుగని నేను, ఇప్పుడు ఇంగ్లాండులో ఆధునిక నిర్మాణ పద్ధతులపై హెచ్‌ఎన్‌సీ (హయ్యర్ నేషనల్ సర్టిఫికెట్) చదువుతున్నాను. ఇది 120 క్రెడిట్ల, డిగ్రీ మొదటి ఏడాదికి సమానమైన నాలుగో స్థాయి అర్హత. ఇక్కడి ప్రభుత్వం 2019లో ఈ పద్ధతులను ఏడు వర్గాలుగా విభజించింది. గదులకు గదులే ఫ్యాక్టరీలో తయారై లారీ ఎక్కి రావడం మొదటిది, గోడలు పలకలుగా రావడం రెండోది.

నన్ను పట్టి నిలిపింది మాత్రం పలకల మధ్య అతుకు. 1968లో లండన్‌లోని 22 అంతస్తుల రోనన్ పాయింట్‌లో, 18వ అంతస్తులో గ్యాస్ పేలి గోడ పలకలు ఊడిపోవడంతో, భవనపు మూల ఒకటి పైనుంచి కిందివరకు వరుసగా కూలి నలుగురు మరణించారు. అప్పటికి జనం అందులో చేరి రెండు నెలలే. ఒక్క భాగం పోయినా మిగతా భవనం నిలవాలనే నిబంధన 1970లో వచ్చింది.