ఏడు పోగుల వైరు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల ఆటో ఎలక్ట్రీషియన్‌గ నాకు 13 ఏండ్లు. మొన్న సెలవు మీద సిరిసిల్లకొస్తే, మా బావ కారుకు ఫాగ్ లైట్లు పెట్టుమన్నడు. "క్లిప్పు కనెక్టరు తెచ్చిన బామ్మర్దీ, లైటు వైరు మీద పెట్టి నొక్కితే అయిపాయె" అనుకుంట చిన్న ప్లాస్టిక్ క్లిప్పు చేతిల పెట్టిండు. అది చూడంగనే నాకు గ్యారేజీల నా మొదటి ఏడాది యాదికొచ్చింది.

ఒక పికప్‌కు రివర్స్ కెమెరా పెట్టుకుంట, రివర్స్ లైటు వైరుకు ఇసొంటి క్లిప్పే నొక్కిన. కెమెరా వెలిగింది. రెండు నెలలకు బండి మర్లొచ్చింది. కెమెరా లేదు, లైటూ లేదు. టేపు విప్పితే వైరు నా చేతిలనే రెండు ముక్కలైంది. ఆ 0.35 చదరపు మిల్లీమీటర్ల వైరుల ఉండేటియే ఏడు రాగి పోగులు. క్లిప్పు సైజు వైరుకు కుదరకపోతే లోపటి రేకు పోగులను కోస్తది, లేదంటే వదులుగ ఆనుతది. నాది కోసింది. మిగిలిన పోగులు కుదుపులకు ఒక్కొక్కటే తెగినయి. ఆ నెల జీతంల 200 దిర్హాములు పట్టుకున్నరు. పైసలు ఎందుకు తక్కువొచ్చినయని బాపు అడిగితే అబద్ధం చెప్పిన. అది ఇప్పటికీ గుచ్చుకుంటది.

మేమందరం ఆశాన్ అని పిలిచే మలయాళీ మేస్త్రి ఆ రాత్రి నన్ను కూసోబెట్టి, "కాటో మత్, ఖోలో" అన్నడు. కోయకు, విప్పు అని. బ్లేడును వైరు వెంబడి నడిపి సెంటీమీటరంత తోలు తీసిండు. సూదితోని పోగులను నడుమల రెండు పాయలు చేసి, కొత్త వైరు పోగులను ఆ సందుల దూర్చి చుట్టిండు. చూసుకుంట ఉంటే నాకు మా బాపే కండ్ల ముందు కనవడ్డడు. బాపు వైపని కార్మికుడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నూలు చుట్టిన బీము అయిపోతే దాని పోగులకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటే మెలేసి అతికేటోడు, వేల పోగులు.

బావ కారుకు అట్లనే చేసిన. ముందుగాల బ్యాటరీ మైనస్ తీసిన. 55 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టులకు తొమ్మిది ఆంపియర్ల పైన గుంజుతయి, అంత బరువు సన్న వైరు మీద ఎట్ల పెడుతం? అందుకే పార్కింగ్ లైటు వైరు నుంచి రిలేను, అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును వదిలే స్విచ్చును, లేపేటంత కరెంటే తీసుకున్న. లైట్లకు బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి వేరే మందపు వైరు గుంజిన. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లను, కారు లోపటి కంప్యూటర్లు ఒకదానితోనొకటి మాట్లాడుకునే, జంటగ మెలేసిన క్యాన్ వైర్లను ముట్టనే ముట్టలే.

సోల్డరు కొంచమే పెట్టిన. ఎక్కువైతే అది పోగుల వెంబడి పాకి వైరు బిర్రుగైతది. ఆ బిర్రు ఆగిన కాడ, కుదుపులకు పుటుక్కున తెగుతది. అందుకే జాయింటుకు రెండు దిక్కులా ప్లాస్టిక్ టైతోని వైర్ల కట్టకు ఆనించి కట్టాలె. మీదికెళ్లి బట్ట టేపు చుట్టాలె. మామూలు టేపు జిగురు ఎండకు కారుతది, అక్కడైనా ఇక్కడైనా.

టేపు చుట్టకముందు బాపు దగ్గరికొచ్చి వంగిండు. రెండు వేళ్లతోని జాయింటును పట్టి, మెల్లగ గుంజి చూసిండు.

"ఇంకో రెండు మెలికలెయ్యి కొడుకా" అన్నడు.

సోల్డరు మళ్ల కరిగించి, రెండు మెలికలేసిన.