కనుమ నాటి గుర్రపు పందేలు

ఈ కనుమ నాడు విశాఖపట్నం నుంచి మామయ్యతో కలిసి అనకాపల్లి వైపు ఒక పల్లెలో జరిగిన గుర్రపు పందేలకు వెళ్లాను. కోతలు ముగిసిన పొలంలో సున్నంతో గీత గీసి, గుర్రాలను ఒక్కొక్కటిగా వదిలి, స్టాప్‌వాచ్‌తో సమయం లెక్కించారు. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ మలక్‌పేట రేసులు చూసిన మామయ్య, అక్కడ గత ఫలితాలను బట్టి హ్యాండిక్యాపర్ అనే అధికారి ప్రతి గుర్రానికీ అది మోయాల్సిన బరువు నిర్ణయిస్తాడని, మెరుగైన గుర్రం ఎక్కువ బరువు మోయవలసి ఉంటుందని, జాకీని జీనుతో సహా తూచి, తక్కువైతే సీసపు పలకలు చేరుస్తారని పక్కవారికి ఓపికగా వివరించారు. ఆ ఏర్పాటేదీ లేని ఈ పందెంలో బక్కపలుచని కుర్రాడు ఎక్కిన గుర్రమే గెలవడం నాకు వింతగా తోచలేదు.

గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. గుర్రం రంగు చూసి మాత్రమే పందెం కాస్తున్న మా వెనుకనున్న పెద్దమనిషికి ఆ మాట ఎలా వర్తిస్తుందో మరి!

నాకు బొత్తిగా నచ్చనిది చర్నాకోల వాడకం. నురగ కక్కుతున్న గుర్రాన్ని నీళ్లు పట్టకుండానే రెండో విడతకు తెచ్చారు. వచ్చే ఏడాదైనా నిర్వాహకులు ఒక పశువైద్యుణ్ణి పిలిపించాలి.