కాల్చకుండా దించిన తుపాకి

శనివారం, రాత్రి 10 దాటింది

పొద్దున్నే కారు టైర్లు మార్పించడానికి వెళ్ళాను. గంటన్నర పడుతుందన్నారు. వెయిటింగ్ రూంలో ఒక కాఫీ మిషన్, ఆరు కుర్చీలు, గోడకి పెద్ద టీవీ. టెక్సస్‌లో ఇలాంటి చోట్ల టీవీలో ఫుట్‌బాలో, చేపల వేటో, తుపాకులో వస్తుంటాయి. ఇవాళ తుపాకులు. ఇద్దరు మగవాళ్ళు నీళ్ళ క్యాన్లు వరసగా పేర్చి ఒక్కోదాన్నీ కాలుస్తున్నారు. క్యాన్ పేలడాన్ని ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి, స్లో మోషన్‌లో ఇంకోసారి చూపించారు. తర్వాత పుచ్చకాయ. మధ్యలో తూటాల ప్రకటన, గురి చూడటానికి తుపాకి మీద బిగించే స్కోప్ ప్రకటన, తుపాకులు దాచుకునే బీరువా ప్రకటన. మళ్ళీ పుచ్చకాయ.

నా పక్క కుర్చీలో ఒకాయన, ఆయన ఒళ్ళో ఐదారేళ్ళ పిల్లాడు. క్యాన్ పేలినప్పుడల్లా ఆ పిల్లాడు వేలు చాపి నోటితో పెద్ద శబ్దం చేస్తున్నాడు. నా చూపూ టీవీ వైపే పోయింది. టైర్లు అయ్యేదాకా టీవీ చూస్తూనే ఉన్నాను. అంతసేపట్లో ఒక్కరంటే ఒక్కరు తుపాకి ఎత్తి, కాల్చకుండా దించింది లేదు.

ఇది నేను ఎందుకు గమనించానంటే, మా అమ్మాయి వల్ల. తనకి పధ్నాలుగేళ్ళు. పోయినేడాది మా కౌంటీలో ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బులో ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో కాల్చే తుపాకి, నేర్చుకుంటానంది. నేను వద్దంటే వద్దన్నాను. 2023 మేలో డాలస్ దగ్గర ఆలెన్ ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది పోయారు. అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. మేము పిల్లల బట్టలకి వెళ్ళే మాల్ అది. ఆ రాత్రి తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసి, నా గొంతు వినపడగానే ఏడ్చేశారు. అలాంటిది నా కూతురి చేతికి నేనే తుపాకి ఎలా ఇస్తాను?

సరే, ఒక్కసారి చూసొద్దామని మా ఆయన అంటే వెళ్ళాను. మొదటి క్లాసులో పిల్లల్ని తుపాకి ముట్టుకోనివ్వలేదు. కోచ్ ఒక పెద్దావిడ. నారింజ రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి తీసి రైఫిల్ గొట్టంలో ఒక కొస నుంచి దూర్చింది. రెండో కొస నుంచి బయటికొచ్చింది. "రెండు కొసలా ఈ తీగ కనిపిస్తుంటేనే గొట్టం ఖాళీ అని నమ్మాలి. నేను ఖాళీ అని చెప్పినా నమ్మొద్దు" అంది పిల్లలతో. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిరగకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. ఈ రెండు మాటలూ పిల్లలందరి చేతా చెప్పించింది. నా టెన్షన్ పూర్తిగా పోలేదు కానీ, అక్కడ నా కూతురు నేర్చుకునేది ఏమిటో అర్థమైంది.

ఇవాళ టీవీ ముందు కూర్చున్నంతసేపూ ఆ నారింజ తీగే గుర్తొచ్చింది. టీవీలో దాన్ని ఎందుకు చూపించరు?

ఒకప్పుడు కొంచెం నయం. మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో, 2010లో, హిస్టరీ ఛానెల్‌లో టాప్ షాట్ మొదలైంది. పదహారు మందిని తెచ్చి పాతకాలపు తుపాకులు, విల్లంబులు, విసిరే కత్తులు అన్నిటితోనూ పోటీ పెట్టేవాళ్ళు. గెలిస్తే లక్ష డాలర్లు. అందులోనూ గొడవలు, అరుపులు ఉండేవి. కానీ గురి తప్పడం చూపించేవాళ్ళు. చెయ్యి వణకడం కనిపించేది. నాలుగో సీజన్ గెలిచిన క్రిస్ చెంగ్ గూగుల్‌లో ఐటీ సపోర్ట్ ఉద్యోగి, సొంతంగా నేర్చుకున్నవాడు. మా ఆయన అప్పట్లో ఐటీ సపోర్ట్‌లోనే చేసేవారు. ఆ ఎపిసోడ్ రోజు వంట ఆపి మరీ చూశాం. 2013లో అది ఆగిపోయింది.

అదే రోజుల్లో డిస్కవరీలో తుపాకుల షాపు నడిపే కుటుంబాల మీద షోలు వచ్చేవి, అమెరికన్ గన్స్, సన్స్ ఆఫ్ గన్స్ లాంటివి. గురి కంటే బేరాలూ పేలుళ్ళే ఎక్కువ. 2012 డిసెంబర్ 14న శాండీ హుక్ స్కూల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాత మూడు రోజులకే అమెరికన్ గన్స్ ఇక రాదని డిస్కవరీ చెప్పింది. ఆ వారం ఎవరు మాత్రం చూడగలరు అలాంటిది? వేయకపోవడమే సరైన పని. సన్స్ ఆఫ్ గన్స్ 2014లో పోయింది.

ఇప్పుడు ఈ షోలు చాలావరకు వేట, చేపల ఛానెళ్ళకే పరిమితమయ్యాయి. అక్కడ పద్ధతే వేరు. చాలా షోలకి నిర్మాతలే ఛానెల్ దగ్గర టైం కొనుక్కుంటారు. ఆ డబ్బు తుపాకులు, తూటాలు, స్కోపులు చేసే కంపెనీల ప్రకటనలతో రాబట్టుకోవాలి. డబ్బిచ్చేవాడి సరుకు చూపిస్తూ "ఇది మీకు అవసరం లేదు" అని ఎవరంటారు? అక్కడా పోటీల గురించి శ్రద్ధగా చూపించే షూటింగ్ యూఎస్ఏ లాంటివి ఉన్నాయి. కానీ వాటిని వెతుక్కుని చూసేది ఎప్పుడూ తుపాకి పట్టేవాళ్ళే. మిగతావాళ్ళకి వార్తల్లో నెత్తురు, టైర్ల షాపులో పుచ్చకాయ. ఈ రెండింటి మధ్య ఉన్నది చూపించేవాళ్ళు లేరు. నాకు బాధంతా అక్కడే.

ఎలా చూపించాలో తెలియక కాదు. 2024 జులై 28, ఆదివారం, ఇక్కడ తెల్లవారుజాము 5 గంటలకి నేనూ మా అమ్మాయీ దుప్పటి కప్పుకుని పారిస్ ఒలింపిక్స్‌లో మన మను భాకర్ ఎయిర్ పిస్టల్ ఫైనల్ చూశాం. మొదటి పది షాట్లయ్యాక ఒక్కో షాట్‌కి 50 సెకన్ల గడువు. కుదరకపోతే చెయ్యి దించి మళ్ళీ ఎత్తొచ్చు, గడువులోపు కాలిస్తే చాలు. తెర మీద మనిషి, పక్కనే గుండ్రటి టార్గెట్, అంతే. ఎవరూ మాట్లాడలేదు మా ఇంట్లో. కొరియా అమ్మాయి కంటే 0.1 తక్కువై వెండి పోయింది, 221.7తో కంచు వచ్చింది. మా అమ్మాయి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. ఒక్క పుచ్చకాయా పగలకుండానే ఇంత ఉద్వేగం ఉంది ఈ ఆటలో.

పొద్దున టైర్ల షాపులో ఉండబట్టలేక పక్కాయన్ని అడిగాను, విన్సెంట్ హాన్‌కాక్ తెలుసా అని. తెలీదన్నాడు. గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని కాల్చే స్కీట్ షూటింగ్‌లో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు, ఈ పక్కనే నార్త్‌లేక్‌లో పిల్లలకి నేర్పిస్తాడు, పారిస్‌లో ఆయన బంగారం గెలిస్తే ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాడే వెండి గెలిచాడు అని చెప్పాను. పక్కాయన నిజంగా ఆశ్చర్యపోయి ఫోన్ తీసి పేరు రాసుకున్నాడు. "వీడు కాస్త పెద్దయ్యాక తీసుకెళ్తాను" అన్నాడు పిల్లాడి తల నిమురుతూ.

మధ్యాహ్నం అమ్మాయిని షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసుకి దింపి అక్కడే కూర్చున్నాను. పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండు, వెడల్పే నాలుగున్నర మిల్లీమీటర్లు. గట్టి కాన్వాస్ కోటు బిగించుకుని అమ్మాయి నిలబడింది. ఎడమ మోచెయ్యి నడుముకి ఆనించి రైఫిల్ ఎత్తింది. వెనక గీత దగ్గర నిలబడి ఫోన్‌లో వీడియో తీశాను. ఊపిరి పీల్చింది, సగం వదిలింది. కోటు భుజం దగ్గర చిన్న ముడత కదిలి ఆగిపోయింది. పది సెకన్లు. పన్నెండు. నేనూ ఊపిరి బిగపట్టాను. మెల్లగా తుపాకి దించేసింది. కళ్ళు మూసుకుని తెరిచింది. కోచ్ దూరం నుంచే తల ఊపింది, మెచ్చుకోలుగా.

ఇందాక నాన్నకి ఆ వీడియో పంపాను. తెనాలిలో ఆదివారం పొద్దున. టీ తాగుతూ చూసినట్టున్నారు, వెంటనే ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టాను.

"ఏమ్మా, అంతసేపు గురి చూసి కాల్చలేదేమే?" అన్నారు.

"గురి కుదరలేదు తాతయ్యా. అందుకే దించేశాను" అంది మా అమ్మాయి, అన్నం కలుపుకుంటూ.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ వీడియో మళ్ళీ పెట్టుకున్నట్టున్నారు, రేంజ్‌లో ఫ్యాన్ల చప్పుడు ఫోన్‌లో సన్నగా వినిపించింది.