ఒకే ఫ్యామిలీ, ఒక్క జీన్ తేడా
వేరే జీన్స్‌ని ఎప్పుడు ఆన్ చెయ్యాలో ఎప్పుడు ఆపాలో చూసుకునే ప్రోటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, మొక్కల్లో ఇవి మిబ్, నాక్, వర్కీ ఇలా ఫ్యామిలీలుగా ఉంటాయి. ఫ్యామిలీలో ఎన్ని జీన్స్ ఉన్నాయో లెక్కపెట్టి రీసెర్చ్ పేపర్ వేసి ఆగిపోతే మాత్రం నాకు బాధేస్తుంది, ఒక్కోటి ఏం చేస్తుందో చూడాలి కదా. ఇలాంటిదే ఇంకో ఫ్యామిలీ ఈఆర్‌ఎఫ్, అందులో సబ్‌1ఎ అనే వరి జీన్ ఉంది చూడండి, మామూలు వరి నీళ్లలో మునిగితే గాలి కోసం గబగబా పొడుగు పెరిగి, ఉన్న పిండిపదార్థమంతా ఖర్చు చేసేసుకుని చచ్చిపోతుంది, ఇది ఉన్న వరి అయితే పెరగడం ఆపేసి ఓపిక పట్టి రెండు వారాల దాకా నీళ్ల కిందే బతికి, నీళ్లు తీశాక మళ్లీ చిగురేస్తుంది! 2006లో బయటపడింది ఇది. పక్కనే సబ్‌1బి, సబ్‌1సి అని తోబుట్టువులున్నా మునకని తట్టుకునే శక్తి ప్రధానంగా దీనిదే, అదీ కొన్ని వరి రకాల్లోనే ఉంటుంది.