పుట్ట మీది గొడుగు, పచ్చిక మీది గొడుగు

తొలకరి తరువాత రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే మన పల్లెల్లో చూపులు పుట్టల వైపు మళ్లుతాయి. అడవి దారుల పక్కన, వారపు సంతల్లో ఆకుల్లో కుప్పలు పోసి అమ్మే పుట్టగొడుగుల్లో, అంటే తెలంగాణలో పుట్టకొక్కులని పిలిచేవాటిలో, ఎక్కువ భాగం టెర్మిటోమైసిస్ అనే ప్రజాతికి చెందినవి. ఆ పేరు పెట్టినది ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్, 1942లో. చెదపురుగులు నమిలి తెచ్చిన ఎండుటాకుల మీద, పుల్లల మీద పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. తడి లోతుకు దిగినప్పుడు అది నేలను చీల్చుకొని పైకి వస్తుంది. చెదపురుగుల తోడు లేకుండా దీనిని పండించి అమ్మడం ఇంతవరకూ సాధ్యపడలేదు కాబట్టే దీనికి అంత గిరాకీ.

వీటిని గుర్తుపట్టే వారు టోపీని చూసి తృప్తి పడరు, కాడ వెంట మట్టిని తవ్వుతారు. కాడ నేల లోపల వేరులా సన్నబడుతూ చెదల గూటి దాకా దిగి ఉంటుంది. టోపీ నడుమ మట్టిని పొడుచుకొని వచ్చిన మొన ఉంటుంది. అడుగున తెల్లగా ఉన్న రేకులు ముదిరిన కొద్దీ లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. గుంపులు గుంపులుగా లేచే చిన్న రకానికి మాత్రం ఆ పొడవాటి వేరు ఉండదు, ఎందుకంటే అది చెదలు బయటికి తెచ్చి పోసిన గూటి ముక్కల మీదనే మొలుస్తుంది. కాడను పైకి పట్టి లాగి తెంపుకొచ్చే వారు ఈ ఆధారాన్ని నేలలోనే వదిలి వస్తారని నా అభిప్రాయం.

అదే వానలకు పచ్చిక మీద, పెరటి గడ్డిలో మరొకటి లేస్తుంది. తెల్లగా, అరచేతి కంటే వెడల్పుగా, టోపీ మీద గోధుమరంగు పొలుసులతో, కాడకు పైకీ కిందికీ జరిగే వలయంతో చూడముచ్చటగా ఉండే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అది. తిన్న రెండు మూడు గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు దాని రేకులు కూడా తెల్లగానే ఉండడం వల్లనే మోసం జరుగుతుంది. టోపీని కోసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే రాలిన సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే సన్నని పొడి, ఆకుపచ్చగా కనిపిస్తాయి. చెదపుట్ట మీది గొడుగువైతే గులాబీ రంగులో ఉంటాయి. అయితే గులాబీ రంగు వచ్చినంత మాత్రాన తినవచ్చునని కాదు. ఎంటోలోమా వంటి విషజాతులకూ అదే రంగు. ఈ పరీక్ష పనికిరానిదాన్ని పక్కన పెట్టడానికే తప్ప మంచిదని ధ్రువీకరించడానికి చాలదు.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, పసుపుతోనో వెల్లుల్లితోనో ఉడికించినప్పుడు రంగు మారకపోతే మంచిదనీ, పురుగు తిన్నదైతే మనమూ తినవచ్చుననీ పెద్దలు చెప్పే పరీక్షలలో ఒక్కటి కూడా నిలవదు. అమానిటా ఫాలాయిడిస్ అనే అత్యంత ప్రమాదకరమైన జాతిలోని అమాటాక్సిన్లనే విషాలకు వెండితో పనిలేదు. అవి ఉడికించినా ఎండబెట్టినా చెడవు. తిన్న ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, తరువాత కొంత నెమ్మదించినట్టు అనిపిస్తుంది. ఆ తేరుకున్న వేళలోనే కాలేయకణాలలో ప్రొటీన్ల తయారీ ఆగిపోయి కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. రుచి బాగానే ఉంటుందని తిని బతికినవారు చెప్పడం మరీ భయపెట్టే సంగతి. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో విషపు పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు.

అమెరికాలోని మనవారికి ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. ఆసియాలో వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు లేతదశలో గుడ్డులా, అడుగున సంచితో ఉంటుంది. కాలిఫోర్నియా ఓక్ చెట్ల కింద మొలిచే అమానిటా కూడా లేతదశలో అచ్చం అలాగే ఉంటుంది. ఆసియా నుంచి వెళ్లిన వారు పొరబడడానికి ఈ పోలికే కారణమవుతున్నది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది ఈ విషానికి గురికాగా, వారిలో ముగ్గురికి కాలేయ మార్పిడి చేయవలసి వచ్చింది. ఊరి చేల గట్ల మీద సంపాదించిన నేర్పు ఆ చెట్ల కింద చెల్లదు. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లను తిండి విషయంలో నేను బొత్తిగా నమ్మను, ఎందుకంటే ఫొటోలో కాడ అడుగు కనిపించదు, సిద్ధబీజాల రంగు అసలే కనిపించదు.

ఎవరైనా అనుమానపు పుట్టగొడుగు తిన్నారని తెలిస్తే వాంతి మొదలయ్యే దాకా ఆగకుండా, మజ్జిగ, నిమ్మరసం వంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎప్పుడు తిన్నారో గంటతో సహా వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే తిన్నప్పటి నుంచి బాధ మొదలయ్యే వరకు పట్టిన వ్యవధి ఏ విషమో ఊహించడానికి తోడ్పడుతుంది. మిగిలిన పచ్చి పుట్టగొడుగును, లేదంటే వండిన కూరనైనా, వెంట పట్టుకెళ్లాలి. పచ్చిదాన్ని ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మకు త్వరగా కుళ్లిపోతుంది గనుక కాగితంలో చుట్టడం మేలు.