పొందూరు ఇంటికి ఇంకో వంద పెంకులు

అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది రెండే మాటలు. "కోతులు పెంకులన్నీ పాడు సేసినాయి. వానల్లోపు రాగలవేటే?" అంతే, పెట్టేసింది. ఆఫీసులో నాలుగు రోజులు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి రైలెక్కాను.

నేరుగా పొందూరులోనే దిగొచ్చు. కానీ విజయనగరంలో ఒక పూట ఆగకుండా ముందుకెళ్ళడం నాకు చేతకాదు. ఆటో అబ్బాయికి "మూడు లాంతర్లు" అన్నాను, మారుమాట లేకుండా పోనిచ్చాడు. మూడు లాంతర్లున్న ఆ పాత స్తంభాన్ని 2020లో కూల్చేశారు, అప్పట్లో పెద్ద గొడవే అయింది. స్తంభం కూలినా, ఆటోవాళ్ళ నోట్లో పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

కోట 1713 నాటిది. ఎవర్ని కదిపినా విజయరామరాజు పేరూ, విజయదశమీ, జయవారమనే మంగళవారమూ కలుపుకుని ఐదు విజయాల కథ చెబుతారు. నాకు ఆ కథకన్నా నగరాఖానా ద్వారంలోంచి పుస్తకాలు పట్టుకుని నడిచివెళ్ళే ఆడపిల్లలే ఎక్కువ నచ్చారు. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి రోజూ ఎవరో ఒకరు తలుపు తీస్తారు, ఊడుస్తారు, కారే చోట బకెట్ పెడతారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల దగ్గర కూడా అదే అనిపించింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా కూర్చున్న కళాశాల అది. కిటికీలోంచి ఎవరో పిల్ల సరళీ స్వరాలు తప్పుతూ, మళ్ళీ మొదలుపెడుతూ వినిపించింది. గురజాడ ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. 1915లో ఆయన పోయారు, ఇల్లు ఇప్పుడు స్మారకం. రాజులకు కోటలుంటాయి సరే, ఒక రచయిత ఇల్లు నిలవడం మన ఊళ్ళల్లో అరుదు.

మధ్యాహ్నం పాసింజరు ఎక్కితే చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరు. స్టేషన్ నుంచి ఆటో.

మా అత్తయ్య వాళ్ళ వీధి బారుగా ఉంటుంది. ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, ఇద్దరికీ కలిపి ఒకే గోడ. అరుగులు కూడా కలిసే ఉంటాయి. చిన్నప్పుడు ఈ చివర అరుగెక్కితే కాలు కిందపెట్టకుండా ఆ చివరదాకా పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు మధ్యలో నాలుగు చోట్ల తెగిపోయింది. అక్కడ శ్లాబు ఇళ్ళు లేచాయి, వాటి మెట్లు రోడ్డు మీదికి వచ్చాయి.

గుమ్మం దగ్గర ఎప్పట్లాగే తల కొట్టుకున్నాను. అత్తయ్య లోపల్నుంచే నవ్వింది. "ఇల్లు సూడ్డానికొచ్చావా, నన్ను సూడ్డానికొచ్చావా?"

"ఇద్దర్నీ, అత్తా."

"ఇల్లు నాకన్నా కుదురుగానే ఉందిలే."

అంత కుదురుగా ఏమీ లేదు. పక్కింటివాళ్ళు పోయినేడు ప్రొక్లెయిన్ పెట్టి తమ ఇల్లు పడగొట్టినప్పుడు ఉమ్మడి గోడ అదిరి, నడుం ఎత్తులో పగులిచ్చింది. బావ తొందరపడి సిమెంటు పూయించేశాడు. ఏడాది తిరక్కుండానే ఆ సిమెంటు పెచ్చులుగా ఊడి, దాని వెనక గోడ చెమ్మతో నల్లబడింది. మేస్త్రీ తాత వచ్చి గోటితో గీరి చూసి, "సున్నపు గోడకి సున్నమే పుయ్యాల. సిమెంటు పెడితే లోపలి తడి బైటికెలా వస్తది?" అన్నాడు. ఆ సాయంత్రమే తొట్టిలో సున్నం నానబెట్టించాడు. కరక్కాయలు దంచి, బెల్లం కలిపి నానేసిన నీళ్ళు అందులో పోస్తుంటే పెరడంతా పులిసిన వాసన. బావ ముక్కు మూసుకుని, "యూట్యూబ్‌లో వేరేలా ఉంది" అని గొణిగాడు. తాత వినిపించుకోలేదు.

ఈ ఇంటికి బేరాలు వస్తూనే ఉన్నాయట. స్థలానికి కాదు, గుమ్మానికీ, సావడిలో ఉన్న రెండు టేకు స్తంభాలకీ. ఎక్కడో రిసార్ట్‌లో పెడతారట. బావకి మనసు ఊగుతోంది, ఇద్దరు పిల్లల చదువులు మరి. ఆయన్ని తప్పుపట్టను. పాత ఇల్లు కాపాడాలని హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కూర్చుని చెప్పడం నాకు సులువే.

అత్తయ్య వాదన మాత్రం వేరు. మర్నాడు పొద్దున సావడిలో కూర్చుని పత్తి ఏకుతోంది. చేతిలో వాలుగ చేప దవడ ఎముక. దాని పళ్ళు వెంట్రుకంత సన్నం. గింజకున్న దూదిని ఆ పళ్ళతో మెల్లగా దువ్వుతుంటే చెత్త రాలిపోయి, పోగులన్నీ ఒకవైపుకి పడుకుంటున్నాయి. చేసిన ఏకుల్ని ఎండిన అరటి డొప్పలో దాచింది, చేతి చెమట తగలకూడదని. రాట్నం తిప్పడం మొదలుపెట్టాక నాతో మాట్లాడలేదు. పైన పెంకుల సందుల్లోంచి సన్నటి వెలుగు నూలు మీద పడుతోంది. బయట ఏప్రిల్ ఎండ మండిపోతున్నా, అలికిన మట్టినేల చల్లగా ఉంది.

పోగు తెగినప్పుడు మాత్రం తలెత్తింది. "శ్లాబు కింద కూసుని సూసినాను, మీ పిన్ని ఇంట్లో. ఎండిపోయి ఊరికే తెగిపోద్ది. ఇక్కడైతే ఇదిగో, ఎప్పుడో ఒకసారి."

బావ విన్నాడు. ఏమీ అనలేదు గానీ, గుమ్మం బేరగాడి ఫోన్ ఆ పూట ఎత్తలేదు.

మూడోరోజు పెంకుల పని. ఇద్దరు కుర్రాళ్ళు పైకెక్కారు, నేనూ బావా కింద వరసలో నిలబడి అందించాం. నాటు పెంకులు, కుమ్మరి చేత్తో చేసినవి. ఒకదాని లోపలివైపు నాలుగు వేళ్ళ చారలు స్పష్టంగా ఉన్నాయి. నా వేళ్ళు వాటిలో పెట్టి చూశాను, ఆ వేళ్ళు నావాటికన్నా సన్నం. కుమ్మరి ఇంట్లో ఆడవాళ్ళెవరో చేసినట్టుంది. బావ "పెంకు ఇవ్వు, తర్వాత చూద్దువు" అని కసిరాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. వాసాల్లో రెండు మార్చాలి, పెంకులు వంద దాకా తక్కువ. చుట్టుపక్కల ఇప్పుడు పెంకులు కాల్చే కుమ్మరి లేడు. బంగాళా పెంకులు వేద్దామంటే కొలత కుదరదు. ఏం చెయ్యాలో తెలీక అందరం అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాం.

అత్తయ్య రాట్నం పక్కకి జరిపి బైటికొచ్చింది. "పై వీధిలో ఎల్లుండి ఓ ఇల్లు పడగొడతన్నారట," అంది బావతో. "పొద్దున్నే పోయి అడుగు. ఆళ్ళకెలాగూ ఒద్దు కదా."